పంటు ఎక్కినవాళ్ళు

రెండొందల ఫారాలు, ఫారానికి ముప్పై రూపాయలు.
జనం ఎక్కడుంటే అక్కడ నిలబడమన్నాడు
సూపర్‌వైజర్ భాస్కర రామం.
జనం రేవులో ఉంటారు.
నేను రేవులో నిలబడ్డాను.

ప్రశ్నలన్నిట్లో బరువైంది పదకొండోది:
పోయిన శ్రావణం వరదలో
సాయం పడవ మీ గడపదాకా వచ్చిందా?
వచ్చిందండీ, అన్నాడు
మోటార్‌సైకిల్ పంటు మీదకి తోస్తున్న కుర్రాడు.
ఆయ్, వచ్చింది, అంది
అరటిగెలల పక్కన గొడుగేసుకున్న ఆవిడ.
పాలక్యాన్లవాళ్ళు దిగకుండానే తలూపారు.

ఆడవాళ్ళు ఎనభైమంది ఉండాలి, అదొక లెక్క.
బడి పంతులమ్మలు ఏడింటి పంటుకి
క్యారేజీలతో గుంపుగా వచ్చారు.
నా పెన్ను లాక్కుని వాళ్ళే నింపేశారు,
గుండ్రటి దస్తూరీ, కొట్టివేత లేదు.
పద్నాలుగుమంది ఒక్క దెబ్బకి!
వాళ్ళలో విజయశ్రీ తన తోడికోడలి నంబరిచ్చింది,
తోడికోడలు వియ్యపురాలిది,
వియ్యపురాలు ఎదురింటామెది.
సాయంత్రం కాగితాలు సర్దుతుంటే
అందరిదీ ఒకే వీధి.
నీళ్ళు మెట్టు దాటని ఎత్తరుగుల వీధి.

ఒకాయన తనంతట తనే వచ్చాడు,
"నన్నడగరేమండీ?" అని.
ప్రెసిడెంటు మీద కోపం ఆయనకి.
పదకొండో ప్రశ్నకి అరగంట చెప్పి
మర్నాడు చొక్కా మార్చుకుని మళ్ళీ వచ్చాడు.

నూట ఎనభైరెండు "వచ్చింది".
పద్దెనిమిది "రాలేదు", అందులో రెండు ఆయనవే.
తొంభైఒక్క శాతం, అన్నాడు రామం ఫోన్లో,
నోట్లో బెల్లం ముక్క ఉన్నట్టు.

మూడోనాటి ఆఖరి పంటులో
తాడు విసిరే మల్లాడి సింహాద్రి
నా దగ్గర టిక్కెట్టు తీసుకోలేదు.
"ఏటండీ రాస్తన్నారు మూడ్రోజుల్నించీ?"
చెప్పాను. శాతం కూడా చెప్పాను, కాస్త గొప్పగానే.
అతను తాడు మోచేతికి చుట్టుకుంటూ
"మరి పంటు ఎక్కనోళ్ళనో?"

ఎవరెక్కరు?

"కొసలంకలో కౌలుకి పాదులేసినోళ్ళు. ఆళ్ళకి సొంత దోనె.
రొయ్యల షెడ్డు ఆడోళ్ళు. ఆళ్ళ వ్యాను మూడింటికే గట్టెంట పోద్ది,
మీరప్పుడు నిద్దర్లో ఉంటారు.
దింపులు తీసే వీర్రాజు నడుం ఇరిగి పడున్నాడు.
నూకరత్నం కువైట్‌లో వంట చేస్తంది,
వరదప్పుడు ఆ ఇంట్లో ఉన్నది పిల్లలిద్దరే.
మీ కాయితానికి పద్దెనిమిది దాటాల కదండీ."
ఇంజను చప్పుడు కాస్త తగ్గాక
"పడవ రాక ఏట్లో పోయినోళ్ళు...
ఆళ్ళయితే అసలెక్కరు."

మా నాన్న కొబ్బరితోటలకి ధర కట్టేవాడు.
కాలవ గట్టు వార చెట్లకి కాయెక్కువ.
తోట ఆసామి కబుర్లు చెప్తూ, బొండం కొట్టించి ఇస్తూ
ఆ వరసలోనే నడిపిస్తాడు.
నాన్న బొండం తాగేసి, పంచె ఎగ్గట్టి
లోపలి బురదలోకి దిగేవాడు.
ఒకటి, రెండు, మూడు... ఏడో చెట్టు దగ్గర ఆగేవాడు.
అది గొడ్డుదైనా సరే, తల ఎండిందైనా సరే,
ఏడోదాన్నే తలెత్తి చూసి రాసుకునేవాడు.
వెనక బుర్రూపుకుంటూ నేను,
మోకాలిదాకా బురద, ఏడుపు మొహం.
"గట్టు మీద నడిస్తే కాళ్ళకి మంచిదే, లెక్కకి మంచిది కాదు" అనేవాడు.

మూడ్రోజులు నేను గట్టు మీదే నడిచాను.
బొండం కూడా తాగాను, పంతులమ్మలు ఇప్పిస్తే.

సంచీలో ఒక ఫారం మిగిలింది, రెండొందల ఒకటోది.
కొసలంకకి దోనె ఎంత, అని అడిగాను.
"రానూ పోనూ అరవయ్యండి."

లంక అంచున, చీకటి పడే చోట
ఎవరో తువ్వాలు ఊపుతున్నారు.
పిలుస్తున్నారో, పిట్టల్ని తోలుతున్నారో.
చూసీ చూడనట్టు అటు తిరిగాడు సింహాద్రి.

పంటు అటు వెళ్ళదు.